ఆ తోటకూర ఎవరిది?

చెన్నైలో మా లేఅవుట్ చివర నాలుగున్నర గ్రౌండ్ల (గ్రౌండ్ అంటే 2,400 చదరపు అడుగులు) ఖాళీ స్థలం ఒకటి ఉంది. చాలాకాలం అక్కడ సర్కారు తుమ్మ, కూల్చిన ఇళ్ల సిమెంటు పెళ్లలు, వాన పడితే దోమలు తప్ప ఇంకేం ఉండేవి కావు. మూడేళ్ల కిందట పదిహేను ఇళ్లవాళ్లం కలిసి దాన్ని బాగుచేశాం. మడులు కట్టి తోటకూర, గోంగూర, బెండ, వంగ వేశాం. పందిరికి సొరపాదు ఎక్కించాం. ఆవులు పడి మేసేస్తున్నాయని గేటు పెట్టాం. గేటు వచ్చాక దానికో తాళం కూడా వచ్చింది.

మా వీధులు ఊడ్చే ఆమెది తాతల నాడు నెల్లూరు వైపు నుంచి వచ్చిన కుటుంబం. ఇంట్లో తెలుగే. ఒకరోజు పొద్దున్నే చీపురు గేటుకి ఆనించి అడిగింది.

"ఆ తోటకూర ఎవురిది సార్?"

"అందరిదీనమ్మా."

"అందరిదీ అంటే? నేనూ రెండు కట్టలు కోసుకోవచ్చా?"

కోసుకోమన్నాను. కానీ ఆ మాట అనడానికి నాకు ఒక క్షణం పట్టింది. ఆమె అది గమనించింది కూడా. ఈ వారం కోత ఎవరి వంతు, ట్యాంకర్ డబ్బులు ఎవరు కట్టారు, అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో ఎవరు ఏమంటారు, ఇవన్నీ ఆ క్షణంలోనే నా బుర్రలో తిరిగాయి. నోరారా 'అందరిదీ' అనేశాను గానీ, దాని అర్థం నాకే తెలియదు.

నిజానికి మనం 'అందరిదీ' అని కనీసం మూడు వేర్వేరు సంగతులకు అంటాం. బస్టాండులో బెంచీ అందరిదీ. అంటే అది ప్రభుత్వానిది, ఎవరైనా కూర్చోవచ్చు, విరిగితే బాగుచేయించాల్సింది కార్పొరేషన్. మెరీనాలో వీచే గాలి అందరిదీ. దానికి యజమాని లేడు, లెక్కా లేదు. పల్లెలో చెరువు కూడా అందరిదే, కానీ అది వేరే కథ. దాని కింద ఆయకట్టు ఎంతో, ఏ రాత్రి ఎవరి పొలానికి నీళ్లో, తూము ఎవరు ఎత్తాలో, పూడిక తీతకు ఇంటికి ఎంతమంది రావాలో ఆ ఊరికి తెలుసు. పొరుగూరివాడు వచ్చి తూము ఎత్తితే ఊరుకోరు. ఈ మూడోదాన్నే ఉమ్మడి అనాలి. అందులో ఒక వనరు ఉంటుంది, దాని మీద ఆధారపడ్డ ఒక గుంపు ఉంటుంది, ఆ గుంపు తనకు తాను పెట్టుకున్న కట్టుబాటు ఉంటుంది. నగరంలో సామూహిక తోటల దగ్గర జరిగే గొడవల్లో సగం ఈ మూడింటినీ కలగాపులగం చేయడం వల్ల వచ్చేవే. సాయంత్రం నడకకు వచ్చే పెద్దాయన దాన్ని పార్కు అనుకుంటాడు. కారు పెట్టుకోవాలనుకునేవాడు ఖాళీ స్థలం అనుకుంటాడు. మడికి నీళ్లు పోసినావిడ ఉమ్మడి అనుకుంటుంది. ముగ్గురూ 'ఇది అందరిదీ' అనే వాదిస్తారు.

పాత రెవెన్యూ లెక్కల్లో ఈ గందరగోళానికి ఒక పేరుంది. పోరంబోకు. మనకది తిట్టు. పనీపాటా లేకుండా తిరిగేవాణ్ని పోరంబోకు వెధవ అంటాం. చెన్నైలో తమిళులూ ఆ మాటను అలాగే వాడతారు. పుట్టింది మాత్రం భూమి లెక్కల్లో. తమిళంలో పురం అంటే బయట, పోక్కు అంటే పోవడం. శిస్తు లెక్కకు బయట ఉండిపోయిన భూమి అని. సాగుచేసి శిస్తు కట్టే భూమికి పట్టా ఉంటుంది. చెరువు, వాగు, బాట, శ్మశానం, పశువుల మేత బీడు శిస్తు రాల్చవు కాబట్టి అవి పోరంబోకు. మన వైపు ఊరి భూమి లెక్కలు రాసే అడంగళ్లలోనూ చెరువు పోరంబోకు, వాగు పోరంబోకు అని రాసేది ఇందుకే. ఖజానాకు రూపాయి రాకపోయినా ఊరు బతికేది ఆ భూముల మీదే. గొడ్డూగోదా మేసేదీ, పిడకలు ఎండేదీ, పెళ్లికి పందిరి వేసేదీ అక్కడే. అయినా శిస్తుతో భూమిని కొలిచినవాళ్ల చూపే మన నాలుక మీదికి ఎక్కింది, తిట్టు రూపంలో.

ఆ చూపును చట్టం చేసింది 1905లో. మద్రాసు ప్రభుత్వం ఆ ఏడాది తెచ్చిన భూ ఆక్రమణల చట్టం తమిళనాడుకూ ఆంధ్రకూ ఉమ్మడి వారసత్వం. అందులో 2వ సెక్షన్ ప్రకారం రోడ్లు, వీధులు, నదులు, చెరువులు, ఇంకొకరి సొత్తు కాని భూములన్నీ ప్రభుత్వ ఆస్తి. అక్కడితో ఆగలేదు. దారి హక్కులకూ ఇతర ప్రజా హక్కులకూ లోబడి, అనే షరతు కూడా పెట్టింది. అంటే కాగితం మీద ఊరి ఉమ్మడి సర్కారుది అయింది, దాన్ని వాడుకునే హక్కు మాత్రం పోలేదు. వందేళ్లలో మొదటి ముక్క అందరికీ కంఠతా వచ్చింది, రెండోది ఎవరికీ గుర్తులేదు. 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో, పంజాబ్‌లో ఒక ఊరి చెరువును పూడ్చి ఇళ్లు కట్టుకున్నవాళ్లను ఖాళీ చేయించమంటూ సుప్రీంకోర్టు ఆ రెండో ముక్కకు కాస్త ఊపిరి పోసింది. ఊరి ఉమ్మడి భూములను ఆక్రమణల నుంచి విడిపించి ఊళ్లకు తిరిగి అప్పగించే పథకాలు తయారుచేయాలని అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. అది పల్లెల మాట. పల్లె నగరంలో కలిసిపోయాక ఆ ఊరు ఎవరు? చెన్నైకి సంబంధించినంతవరకు చిక్కు ప్రశ్న ఇదే.

ఊళ్ల పేర్లలో మాత్రం ఆ ఉమ్మడి ఇంకా మిగిలే ఉంది. మందవెళి అంటే మందబయలు, మైలాపూరు పశువులు మేసిన బయలు. పులియంతోపు అంటే చింతతోపు. వెస్ట్ మాంబళంలో లేక్ వ్యూ రోడ్డు ఉంది, ఎంత తొంగిచూసినా చెరువు కనబడదు. నుంగంబాక్కం నుంచి సైదాపేట వైపు సాగిన ఆ పొడవాటి చెరువును 1920లలో ఎండగట్టి ఇళ్ల స్థలాలు వేశారు. అదే టి.నగర్. మధ్యలో ఉన్న పార్కుకు పానగల్ రాజా పేరు పెట్టారు. 1921 నుంచి 1926 దాకా మద్రాసు ప్రెసిడెన్సీకి ప్రధానమంత్రిగా ఉన్న పానగంటి రామారాయణింగారు మన కాళహస్తి వైపు మనిషే. పట్టుచీరల కోసం నెల్లూరు, తిరుపతి నుంచి వచ్చి ఆ పార్కు పక్కన కారు పెట్టుకోలేక అవస్థపడే తెలుగువాళ్లు, తాము చెరువు నడిబొడ్డున నిలబడ్డామని అనుకోరు. చెరువు పోయి పార్కు వచ్చింది. చెరువులో నీటికీ, చేపకూ, ఒండ్రుమట్టికీ హక్కుదారులు ఉంటారు. పార్కుకు ఉండేది సందర్శకులే.

ఆ సందర్శకుల పార్కు అయినా మిగిలిందా అంటే, సెంట్రల్ స్టేషన్ పక్కన జరిగింది చూడండి. 1859లో మద్రాసుకు గవర్నరుగా వచ్చిన చార్లెస్ ట్రెవెల్యాన్ అక్కడ 116 ఎకరాల్లో పీపుల్స్ పార్కు వేయించాడు. కొలనులు, నడకదారులు, తర్వాత జంతుప్రదర్శనశాల. విక్టోరియా పబ్లిక్ హాలు కోసం కొంత పోయింది. 1900లో మూర్ మార్కెట్ వచ్చింది. 1913 నాటికి కార్పొరేషన్‌కు రిపన్ బిల్డింగ్ లేచింది. స్టేడియం వచ్చింది. 1985లో మూర్ మార్కెట్ కాలిపోయాక ఆ జాగా రైల్వేది అయింది. జంతువులు వండలూరు జూకు వెళ్లిపోయాయి. ఇందులో ఏ ఒక్క ముక్కనూ దొంగ ఎవడూ కబ్జా చేయలేదు. సభలకు హాలు, జనానికి బజారు, నగరపాలకులకు ఆఫీసు, పిల్లలకు ఆటస్థలం, ప్రయాణికులకు స్టేషన్. అన్నీ ప్రజల కోసమే. నన్ను ఎక్కువ భయపెట్టేది ఇదే. పబ్లిక్ స్థలాన్ని తినేది చాలాసార్లు ఇంకో పబ్లిక్ అవసరమే. 'ఇక్కడ నేను రోజూ ఈ పని చేసుకుంటున్నాను, ఇది పోతే నా బతుకు పోతుంది' అనే మనిషి లేనప్పుడు, కాగితం మీద ఖాళీగా కనిపించే జాగా ఎవరో ఒకరి ప్లానులోకి ఎక్కుతుంది.

అయితే ఉమ్మడిగా ఉంచితే మాత్రం నిలుస్తుందా? పదిమంది చేరితే పాము చావదని మనవాళ్లే అన్నారు. ఆ సామెతనే 1968లో గారెట్ హార్డిన్ అనే అమెరికన్ జీవశాస్త్రవేత్త సైన్స్ పత్రికలో సిద్ధాంతం చేశాడు. ఊరి పచ్చిక బయలులో ప్రతివాడూ ఇంకొక ఆవును తోలతాడు, లాభం వాడికి, నష్టం అందరికీ, చివరికి గడ్డి మిగలదు అని. కాబట్టి అయితే సర్కారుకివ్వండి, లేదా పట్టా చేసి పంచండి. ప్రభుత్వాలకు ఈ మాట చెవికింపుగా వినిపించింది. హార్డిన్ తలపోసిన బయలులో మాత్రం ఒక లోపం ఉంది. అక్కడి పశుకాపరులు ఒకరితో ఒకరు మాట్లాడుకోరు. మాట్లాడుకోని ఊరు ఎక్కడుంది? తాను చెప్పింది అజమాయిషీ లేని ఉమ్మడి గురించేనని ఆయనే చాలా ఏళ్ల తర్వాత సవరించుకున్నాడు.

ఎలినార్ ఆస్ట్రమ్ అనే అమెరికన్ పరిశోధకురాలు ఊహించుకోవడం మానేసి నిజంగా ఉన్న ఉమ్మడుల్ని పరిశీలించింది. స్విట్జర్లాండ్ కొండల పచ్చికలు, జపాన్ ఊళ్ల అడవులు, స్పెయిన్ సాగునీటి కాలువలు వందల ఏళ్లుగా ఉమ్మడిగా ఎలా నిలిచాయో 1990లో పుస్తకంగా రాసింది. 2009లో అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి అందుకుంది, ఆ బహుమతి అందుకున్న మొదటి మహిళ ఆమే. ఆమె తేల్చినవి మన చెరువు పెద్దలకు కొత్త కాదు. ఎవరు లోపలో ఎవరు బయటో తేలాలి. నియమం ఆ నేలకూ ఆ నీటికీ తగ్గట్టు ఉండాలి. నియమం పెట్టేది దాన్ని పాటించాల్సినవాళ్లే అయి ఉండాలి. కాపలా వాళ్లలోనే ఒకరు కాయాలి. తప్పు చేస్తే శిక్ష చిన్నగా మొదలవ్వాలి. ఇక ప్రభుత్వం వీళ్లు కూడి నియమం పెట్టుకోవడాన్ని కాదనకూడదు.

శిక్ష చిన్నగా మొదలవ్వాలన్నది మా తోటలో కళ్లారా చూశాను. మొదటి ఏడాది ఒకాయన నీళ్ల వంతు వరసగా రెండుసార్లు తప్పాడు. మేం ఆవేశపడి పేరు కొట్టేశాం. ఆయన కుటుంబంతోపాటు ఇంకో రెండు కుటుంబాలు వెళ్లిపోయాయి, వెళుతూ వెళుతూ కార్పొరేషన్‌కు ఒక పిటిషన్ పెట్టి మరీ వెళ్లాయి. ఇప్పుడు మొదటిసారి తప్పితే ఫోను చేసి అడుగుతాం, రెండోసారి తప్పితే ఆ వారం కోతలో వాటా ఉండదు, అంతే. గొడవలు ఆగలేదు గానీ పిటిషన్లు ఆగాయి. ఉమ్మడి పనికి మన ప్రాంతంలో పాత పేరు కుడిమరామత్తు. చెరువు కట్టకు గండి పడితే ఆయకట్టుదారులే వచ్చి పూడ్చాలి. ఈ ఆనవాయితీని 1858లో మద్రాసు ప్రభుత్వం చట్టం చేసి, రానివాడికి జరిమానా పెట్టింది. 2017లో తమిళనాడు ప్రభుత్వం అదే పేరుతో చెరువుల పథకం మొదలుపెట్టింది. పేరు పాతదే, డబ్బు మాత్రం చాలావరకు సర్కారుది. పాత కుడిమరామత్తులో మనిషి ఒళ్లొంచి తట్ట మోసేవాడు, మోసినందుకు నీటిమీద మాట చెల్లేది.

ఇక మా నాలుగున్నర గ్రౌండ్ల అసలు యజమాని ఎవరు? మూడు వేల చదరపు మీటర్లు దాటిన స్థలంలో కట్టడాలు వేసేవాళ్లు రోడ్లు పోను పది శాతం ఖాళీ జాగా వదలాలని తమిళనాడు నిబంధన. దీన్ని అందరూ ఓఎస్ఆర్ (ఓపెన్ స్పేస్ రిజర్వేషన్) అంటారు. స్థలం పది వేల చదరపు మీటర్ల లోపైతే జాగా బదులు దాని గైడ్‌లైన్ విలువ, అంటే సర్కారు నిర్ణయించిన ధర, కట్టేయొచ్చు. అది దాటితే జాగా ఇవ్వాల్సిందే. ఇచ్చేది స్థానిక సంస్థకు, గిఫ్ట్ డీడ్ రాసి. పది వేల చదరపు మీటర్లకు పది శాతమంటే వెయ్యి, దాదాపు 25 సెంట్లు, మా తోటంత. ఇక్కడే చాలామంది పొరబడతారు. ఫ్లాటు కొన్నప్పుడు బ్రోషర్లో పార్కు బొమ్మ చూపించారు కాబట్టి అది తమ అసోసియేషన్‌ది అనుకుంటారు. గిఫ్ట్ డీడ్ రిజిస్టర్ అయిన రోజు నుంచి అది కార్పొరేషన్‌ది. అంటే వీధి ఊడ్చే ఆమెకు ఆ నేల మీద ఎంత హక్కుందో, కోటిన్నర పెట్టి ఫ్లాటు కొన్నాయనకూ అంతే ఉంది. కొన్ని చోట్ల బిల్డర్ గిఫ్ట్ డీడ్ రాసి కూడా లోపలివాళ్ల స్విమ్మింగ్ పూల్ పక్కన గోడ కట్టి దాన్ని కలిపేసుకుంటాడు. తోట వేయాలనుకునేవాళ్లు ముందు విత్తనాల కోసం వెతక్కూడదు. ఆమోదం పొందిన లేఅవుట్ ప్లాను, గిఫ్ట్ డీడ్ నకలు తెచ్చుకోవాలి. ఇవ్వకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టాలి.

కార్పొరేషన్ 'మీరే చూసుకోండి' అని రాసిచ్చినా అది నేల మీద హక్కు కాదు, వాడుకోవడానికి అనుమతి. చట్టం భాషలో లైసెన్సు. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం ప్రకారం ఇచ్చినవాడు దాన్ని వెనక్కి తీసుకోవచ్చు. అనుమతిని నమ్మి ఖర్చుపెట్టి శాశ్వత నిర్మాణం చేసినవాళ్లకు కొంత రక్షణ ఉంది గానీ, గోంగూర మడిని శాశ్వత నిర్మాణమని ఏ జడ్జీ ఒప్పుకోడు. పార్కుగా చూపించిన జాగాను ఇంకొకరికి ఇచ్చేస్తుంటే మాత్రం చుట్టుపక్కలవాళ్లు కోర్టుకెళ్లొచ్చు. బెంగళూరు సదాశివనగర్‌లో పార్కు కోసం ఉంచిన స్థలాన్ని ఒక ప్రైవేటు ఆసుపత్రికి కేటాయిస్తే, ఆ ప్రాంతవాసులు పోరాడారు. 1991లో సుప్రీంకోర్టు ఆ కేటాయింపు చెల్లదంది. పార్కు అన్నది పాలకుల దయ కాదు, అక్కడివాళ్ల హక్కు అన్నది ఆ తీర్పు సారం. అలాగని ఆ తీర్పు మా బెండ మొక్కల్ని కాపాడదు. రేపు కార్పొరేషన్ మడులు తీసేసి ఉయ్యాలలు, గ్రానైటు బెంచీలు వేస్తానంటే పార్కు పార్కుగానే ఉంటుంది, ఉమ్మడి మాత్రం పోతుంది.

న్యూయార్క్‌వాళ్లకు ఇది అనుభవమే. 1970లలో నగరం దివాళా అంచున ఉన్నప్పుడు పేదల వాడల్లో పాడుబడ్డ జాగాల్ని జనం తోటలు చేసుకున్నారు. 1978లో నగరమే ఒక పథకం పెట్టి వాటికి అనుమతులిచ్చింది. తోటల వల్ల వీధులు బాగుపడ్డాయి, స్థలాల ధరలు పెరిగాయి. 1999లో మేయర్ 114 తోటల్ని వేలానికి పెట్టాడు. ఆఖరి నిమిషంలో రెండు ధార్మిక సంస్థలు డబ్బు పోగుచేసి వాటిని కొనడంతో బతికాయి. బీడును పొలం చేసిన కౌలుదారుకు పట్టాదారు ఏం చేస్తాడో మనకు వేరే చెప్పాలా.

నేల సంగతి తేలినా చెన్నైలో అసలు పరీక్ష నీళ్లది. ఎండాకాలంలో ఇక్కడ చదరపు మీటరు మడికి రోజుకు ఐదు లీటర్లయినా కావాలి. రెండు వందల చదరపు మీటర్ల మడులంటే రోజుకు వెయ్యి లీటర్లు. పన్నెండు వేల లీటర్ల ట్యాంకర్ పన్నెండు రోజులు. ఆ ఖర్చుకు కోయంబేడు మార్కెట్లో ఎన్ని కట్టల తోటకూర వస్తుందో లెక్కేస్తే తోట మూసేసుకోవాలనిపిస్తుంది. మా సముద్రం వైపు బోరు నీళ్లు ఉప్పన, బీన్సు ఆకులు అంచుల్లో మాడిపోతాయి. కుళాయిలో వచ్చేదాంట్లో కొంత మన కృష్ణ నీళ్లే, కండలేరు జలాశయం నుంచి చెన్నై దగ్గరి పూండి జలాశయానికి వచ్చేవి. తెలుగు గంగ ఒప్పందం ప్రకారం ఏటా 12 టీఎంసీలు రావాలి, అన్ని ఏళ్లూ అంత రావు. 2019 జూన్‌లో నగరపు నాలుగు జలాశయాలూ అడుగంటినప్పుడు తాగే నీళ్లకే జనం బిందెలతో రాత్రంతా నిలబడ్డారు. అలాంటి ఊళ్లో వంకాయలకు తాగునీళ్లు పోయడం తప్పేనని నా అభిప్రాయం. ఇంకో పక్క, ఇక్కడ ఏడాదికి సుమారు 1,400 మిల్లీమీటర్ల వాన. వంద చదరపు మీటర్ల డాబా మీద పడేది లక్షా నలభై వేల లీటర్లు. చిక్కల్లా, అందులో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు లోపే కురిసి మడుల్ని ముంచేస్తుంది, ఏప్రిల్లో చుక్క ఉండదు. అందుకే మేం ఎండాకాలం మూడు నెలలూ మడులకు ఆకుచెత్త కప్పి వదిలేస్తాం, మునగ, కరివేపాకు, అరటి మాత్రం ఉంచుతాం. అరటికి బట్టలుతికిన నీళ్లు చాలు. 'ఆడిపట్టం తేడి విదై' అని ఇక్కడి రైతుల మాట, ఆడి నెల అదను చూసుకుని విత్తమని. అంటే జూలై మధ్యలో. నగరంలో పుట్టి పెరిగిన మా పిల్లలకు తమిళ నెల ఒకటైనా తెలిసింది దానివల్లే.

ఇప్పుడు తోటకూర దగ్గరికి వద్దాం. ఉమ్మడికి హద్దు ఉండాలంది ఆస్ట్రమ్. హద్దు అంటే ఎవరో ఒకరు బయట ఉండాలి. మన పల్లెల్లో ఆ బయట ఉన్నది ఎవరో మనకు తెలుసు. ఊరుమ్మడి చెరువు అని గొప్పగా చెప్పుకునే చోటే మాలపల్లె, మాదిగపల్లెవాళ్లకు వేరే రేవు ఉండేది. చెరువును రేయింబవళ్లు కాసి తూము ఎత్తే నీరుగంటి చాలాచోట్ల దళితుడే. ఆ నీళ్లతో పండే పొలం మాత్రం ఆయనకు ఉండేది కాదు. కాబట్టి ఉమ్మడి అనగానే నాకు పాత మంచి రోజులు గుర్తుకు రావు. చెన్నైలోనూ తోట అసోసియేషన్లు ఆ పాత రేవుల్ని తిరిగి తవ్వగలవు. పార్కులు పొద్దున్నా సాయంత్రమూ తెరిచి మధ్యాహ్నం తాళం వేయడం ఈ ఊళ్లో చాలా చోట్ల చూస్తాం. నడకకు వచ్చేవాళ్ల వేళలవి. నడినెత్తిన ఎండలో నీడ కావలసిన ఆటో అన్న, డెలివరీ కుర్రాడు, పనిమనిషి ఆ వేళల్లో లేరు.

మా తోటకు ఎరువు ఎక్కడిదో లెక్క వేశాక నాకు ఇంకా సిగ్గేసింది. మా కంపోస్టు గుంతకు వీధి ఆకుచెత్త తెచ్చి పోసేది ఆ ఊడ్చే ఆమే. రోజూ మూడు బస్తాలు, లారీ దాకా మోయడం తప్పుతుందని. మేం దాన్ని ఆమె పని అనుకున్నాం, వంతుగా లెక్కలో రాయలేదు. నీళ్లు పోస్తే వంతు, ఆకు పోస్తే కాదా? పోయిన నెల మీటింగులో ఈ మాట అన్నాను. ఒకావిడ ఒప్పుకున్నారు. ఇంకొకాయన, "ఆమెకిస్తే రేపు వాచ్‌మన్ అడుగుతాడు, ఎల్లుండి ఇస్త్రీ బండాయన అడుగుతాడు" అన్నారు. అడగనీయండి, వాళ్లూ వంతు పడితే సరి అన్నాను. అది తేలకుండానే మీటింగు మెట్రో పనుల మీదికి మళ్లింది.

ఆమెతో మాత్రం చెప్పాను, నీకూ ఒక తాళంచెవి చేయిద్దామనుకుంటున్నాం అని.

"తాళంచెవి నాకెందుకు సార్," అంది. "నేనొచ్చేది ఐదింటికి. అప్పుడు ఆవులూ లేవు, మీరూ లేవరు. ఆ గోడ బయట పక్కన నాలుగడుగులు నాకు ఒదిలిపెట్టండి, గోంగూర నేనే ఏసుకుంటా."

గోడ అవతలి నాలుగడుగులు ఓఎస్ఆర్ కిందికి వస్తాయా, రోడ్డు కిందికా అని ప్లాను తీసి చూశాను. రోడ్డు కిందికే వస్తాయి. ఆమె అప్పటికే రాళ్లేరి, విత్తనాలు చల్లేసింది.